తెర ముందు లేనివాళ్లు
ఉత్తర తెలంగాణలో సామూహిక చిత్ర ప్రదర్శనలు: ఒక సమీక్ష

ఉత్తర తెలంగాణకు సినిమాతో అనుబంధం పాతది. మూకీల కాలంలోనే బొంబాయి చేరి హీరోగా నిలిచి, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న పైడి జైరాజ్ కరీంనగర్‌లో పుట్టినవాడు. 1970ల చివర్లో అదే పట్టణంలో కరీంనగర్ ఫిలిం సొసైటీ మొదలైంది. కఫిసో అని పిలుచుకునే ఆ సంస్థ ఫిలిం భవన్ పేరుతో సొంత గూడు కూడా కట్టుకుంది. కవి, సినీ విమర్శకుడు వారాల ఆనంద్ వంటివారు దశాబ్దాల పాటు అక్కడ సత్యజిత్ రాయ్‌నీ, మృణాల్ సేన్‌నీ, బయటి దేశాల సినిమానీ చూపించారు, వాటి గురించి తెలుగులో రాశారు. జిల్లా కేంద్రంలో ఉండి ఇంతకాలం ఈ పని చేయడం చిన్న విషయం కాదు.

అయితే ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఫిలిం సొసైటీల ప్రదర్శనలకు ఎక్కడైనా ప్రధానంగా ఎవరు వస్తున్నారు? లెక్చరర్లు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, రచయితలు, విద్యార్థులు. అందులోనూ ఎక్కువమంది మగవాళ్లు. కోరుట్ల, మెట్‌పల్లిలో బీడీలు చేసే ఆడవాళ్లు, సిరిసిల్ల సాంచెల (మరమగ్గాల) మీద పనిచేసే కార్మికులు, గోదావరిఖని, మందమర్రి గని కార్మికుల కుటుంబాలు, ఉట్నూరు ఏజెన్సీలోని గోండులు, కొలాములు, ఆదిలాబాద్, నిర్మల్ పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, చూపు లేనివాళ్లు, వినికిడి లేనివాళ్లు ఆ తెర ముందు అరుదుగా కనిపిస్తారు. వాళ్లకు మంచి సినిమా పట్టదని అనుకోవడం తేలిక. ఈ సమీక్ష ఆ మాటను ఒప్పుకోదు. వాళ్లు రాకపోవడానికి కారణాలు ప్రదర్శన కట్టుబాట్లలోనే ఉన్నాయి. కట్టుబాట్లను మనుషులే పెట్టారు కాబట్టి మనుషులే మార్చగలరు.

సభ్యత్వం గీసిన గీత

1947లో కలకత్తా ఫిలిం సొసైటీ పుట్టింది. 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా ఫిలిం సొసైటీల సమాఖ్య ఏర్పడింది. ఈ ఉద్యమానికి చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది: సెన్సార్ సర్టిఫికెట్ లేని విదేశీ చిత్రాలను సభ్యులకు మాత్రం చూపుకోవచ్చు. ఆ వెసులుబాటు లేకపోతే జిల్లా పట్టణాలకు పోలిష్, హంగేరియన్, సోవియట్ సినిమాలు చేరేవే కావు. రాయబార కార్యాలయాల నుంచి, 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ ఫిలిం ఆర్కైవ్ నుంచి రీళ్లు రేకు డబ్బాల్లో వచ్చేవి. చూసి, మాట్లాడుకొని, వేళకు తిప్పి పంపడమే పెద్ద పని.

కానీ ఆ వెసులుబాటే ఒక గీత కూడా గీసింది. చూడాలంటే సభ్యుడై ఉండాలి, చందా కట్టాలి. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు చదవగలగాలి. పట్నంలో ఉండాలి, లేదా రాత్రి బస్సు తప్పినా తలదాచుకునే చోటు ఉండాలి. ఈ జల్లెడలను దాటి లోపలికి వచ్చినవాళ్లే ఫిలిం సొసైటీ ప్రేక్షకులయ్యారు. వాళ్లలో నుంచి మంచి విమర్శకులు వచ్చారు. ‘మాభూమి’ (1980), ‘దాసి’ (1988) వంటి తెలంగాణ సినిమాలను తలకెత్తుకున్న చూపరులు కూడా వచ్చారు. ఇంత మేలు జరిగాక కూడా ఆ గీత చెరగలేదు. ఇప్పుడు సినిమా పెన్‌డ్రైవ్‌లో వస్తుంది, సర్టిఫికెట్ ఉన్న మంచి చిత్రాలు బోలెడున్నాయి. గీత అవసరం తీరిపోయినా అలవాటు మిగిలింది.

హైదరాబాద్‌లో భాషా సాంస్కృతిక శాఖ రవీంద్రభారతిలో ‘సినివారం’ పేరుతో శనివారాలు ఉచితంగా చిత్రాలు చూపిస్తూ వచ్చింది. ఆ ప్రదర్శనలు జరిగే చిన్న హాలుకు పైడి జైరాజ్ పేరే పెట్టారు. కొత్త కుర్రాళ్ల లఘుచిత్రాలకు అది మంచి వేదికైంది. జైరాజ్ సొంత జిల్లాలోని మండల కేంద్రాల్లో అలాంటి శనివారాలు ఎందుకు ఉండకూడదన్నది న్యాయమైన ప్రశ్న.

ఇరుగుపొరుగు నేర్పిన పాఠాలు

గీత దాటిన ప్రయత్నాలు మన చుట్టూ ఉన్నాయి. కర్ణాటకలోని హెగ్గోడు చిన్న పల్లె. అక్కడ కె.వి. సుబ్బణ్ణ నీనాసం సంస్థ ద్వారా 1970లలో ఫిలిం సొసైటీ పెట్టి, వక్కతోటల రైతులకు కురొసావానూ బెర్గ్‌మన్‌నూ చూపించాడు. సినిమాకు ముందు కన్నడంలో పరిచయం, తర్వాత కన్నడంలోనే చర్చ. పల్లెవాళ్లకు అర్థం కాదన్న మాటకు ఆయన జీవితమే జవాబు. 1991లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. కేరళలో దర్శకుడు జాన్ అబ్రహాం, మిత్రులు 1984లో మొదలుపెట్టిన ఒడెస్సా సమూహం ఊరూరా తిరిగి సినిమాలు చూపించి, జనం ఇచ్చిన విరాళాలతోనే ‘అమ్మ అరియాన్’ (1986) తీసింది. గోరఖ్‌పూర్‌లో 2006లో జన సంస్కృతి మంచ్ మొదలుపెట్టిన ‘ప్రతిరోధ్ కా సినిమా’ కంపెనీల స్పాన్సర్‌షిప్ లేకుండా చూపరుల చందాలతో నడిచింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ జహీరాబాద్ ప్రాంతానిది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. తమ చిరుధాన్యాల సేద్యం గురించి, విత్తనాల గురించి తామే చిత్రాలు తీశారు. వాళ్లలో చాలామందికి బడి చదువు లేదు. 2008లో అదే సంఘాల రేడియో కూడా మొదలైంది. తీసేది వాళ్లే అయినప్పుడు చూడటానికి పిలవాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో పుట్టిన ‘మై విలేజ్ షో’ మరో దారిలో అదే చెప్పింది. ఊరి వాళ్లే నటులు, ఊరి యాసే సంభాషణ. కూలిపనులు చేసుకున్న గంగవ్వ పెద్ద వయసులో తెలుగు ప్రపంచమంతా గుర్తుపట్టే నటి అయింది. కెమెరా ముందు నిలబడటానికి పనికొచ్చిన ఊరు తెర ముందు కూర్చోడానికి పనికిరాదా?

2023 వసంతం: ఊళ్లు తామే తెర కట్టుకున్నప్పుడు

ఈ చర్చలో పెద్ద మలుపు ‘బలగం’. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి దర్శకత్వంలో ఎక్కువగా రాజన్న సిరిసిల్ల జిల్లా పల్లెల్లో తీసిన ఈ చిత్రం 2023 మార్చి 3న విడుదలైంది. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. మూడో రోజు నుంచి పిట్టకు పెట్టినా కాకి ముట్టదు. విందులో నల్లిబొక్క దగ్గర మొదలైన పంతం అల్లుడినీ బామ్మర్దులనూ ఏళ్ల తరబడి విడదీసి ఉంటుంది. చివరికి బుడగజంగాల పాట వాళ్లందరినీ ఏడిపించి కలుపుతుంది.

సినిమా ఓటీటీలోకి వచ్చాక తెలంగాణ పల్లెల్లో ఒక విచిత్రం జరిగింది. సర్పంచులు, యువజన సంఘాలు గ్రామ పంచాయతీ ముందో, గుడి దగ్గరో తెర కట్టి ఊరంతటికీ సినిమా వేశారు. చాటింపు వేస్తే జనం చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకున్నారు. థియేటర్‌కు పోయి ఏళ్లయిన ముసలమ్మలు ముందు వరుసలో కూర్చున్నారు. పాట దగ్గర ఊరు ఊరంతా ఏడ్చింది. నిర్మల్ జిల్లాలో మాటలు లేని అన్నదమ్ములు సినిమా చూశాక కలిసిపోయారని పత్రికలు రాశాయి. దీన్ని ఫిలిం సొసైటీ నడిపించలేదు, పోస్టర్లు వేయలేదు.

ఈ ఘటన నుంచి నేర్చుకోవాల్సినవి మూడు. ఒకటి, పల్లెలో సామూహిక ప్రేక్షకులు సిద్ధంగా ఉన్నారు. ఒగ్గుకథ, చిందు భాగవతం రాత్రంతా చూసిన సమాజానికి కలిసి కూర్చోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండు, ఇంటికి ఎంత దగ్గరైతే ఆడవాళ్లు, ముసలివాళ్లు, వికలాంగులు అంత ఎక్కువగా వస్తారు. మూడు, చట్టం. అనుమతి లేని ఈ ప్రదర్శనల మీద నిర్మాణ సంస్థ నిజామాబాద్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. హక్కుల పరంగా ఆ మాటలో తప్పు లేదు. ఓటీటీ చందా ఇంట్లో చూడటానికే, ఊరంతటికీ చూపడానికి కాదు. కానీ ఊరు చట్టబద్ధంగా, అందుబాటు ధరలో సినిమా వేసుకునే దారి ఎక్కడుంది? ఆ దారి వేయడమే ఇప్పుడు ఫిలిం సొసైటీలకు సరైన పని: నిర్మాతతో మాట్లాడి, ఒక్కో చిత్రానికి గ్రామ ప్రదర్శన అనుమతిని కొద్దిపాటి రుసుముకు తీసుకొని ఊళ్లకు అందించే మధ్యవర్తిత్వం.

వేళ, చోటు

ఆదివారం ఉదయమో, సాయంత్రం ఆరింటికో ప్రదర్శన పెట్టడం ఉద్యోగి వారాన్ని బట్టి వేసుకున్న లెక్క. ఉత్తర తెలంగాణ శ్రమకు వేరే గడియారాలు ఉన్నాయి. సింగరేణిలో మూడు షిఫ్టులు. సిరిసిల్లలో సాంచెలు పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటాయి, కార్మికుడికి పన్నెండు గంటల పని. బీడీ కార్మికురాలికి కూలి వెయ్యి బీడీల లెక్కన. పొద్దున ఇంటి పని ముగించుకొని చాట ఒళ్లో పెట్టుకుంటే, కార్ఖానాకు బీడీలు అప్పజెప్పేదాకా చేయి ఆగదు. ఆమెను సాయంత్రం రమ్మంటే ఆమె వంట వేళ అది. మధ్యాహ్నం రెండింటికి మహిళా సంఘం భవనంలో వేస్తే చాట తెచ్చుకొని కూడా కూర్చోగలదు. చూస్తూ పనిచేసుకుంటే సినిమాకు అవమానమని మనకు అనిపించవచ్చు. ఆ పట్టింపు పక్కన పెట్టాలి. చేతులు పనిలో ఉన్నా కళ్లు, చెవులు కథలోనే ఉంటాయి. ఒగ్గుకథ వింటూ గొంగడి కప్పుకొని కునుకు తీసినవాడిని ఒగ్గు పూజారి ఎన్నడూ బయటికి పంపలేదు.

చోటు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తమిళ సమాజంలో కులంతో పనిలేకుండా అందరూ ఒకే కప్పు కింద కూర్చున్న తొలి చోటు సినిమా హాలు అని పండితుడు కె. శివతంబి 1981లో రాశాడు. మన హాళ్లలోనూ నేల, బెంచి, కుర్చీ టికెట్లుగా తేడాలున్నా, నేల టికెట్టుకు కులం అడగలేదు. ఊళ్లో తెర కట్టినప్పుడు ఆ మేలు దానంతటదే రాదు. గుడి ముందు కడితే కొందరు వెనక నిలబడతారు. పెద్దింటి అరుగు ముందు కడితే కొందరు అసలే రారు. బడి ఆవరణ అన్నివిధాలా మేలు. ఒక నెల ఊరి మధ్యలో వేస్తే మరుసటి నెల దళితవాడలో వేయాలి, ఊరివాళ్లు వాడకు నడిచి రావాలి. మూత్రశాలలు, వెలుతురున్న తిరుగుదారి, చక్రాల కుర్చీ దిగే వాలు, ఇవన్నీ సినిమా ఎంపికతో సమానమైన విషయాలు. ఇవి లేనిచోట ‘ఆడవాళ్లు రాలేదు’ అని రాసుకోవడం అన్యాయం.

చదవాల్సిన సినిమాను వినిపించాలి

ఇక అసలు అడ్డంకి భాష. 2011 జనగణన ప్రకారం పాత ఆదిలాబాద్ జిల్లాలో అక్షరాస్యత 61 శాతం. ఆడవాళ్లలో అది సగానికి కొంచెం ఎక్కువ. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లను తెలుగులోకి మార్చినా, చదవలేని తల్లికి రెండూ ఒకటే. తెలుగు చదవగలిగిన ఆదివాసీ విద్యార్థికి కూడా తెర మీద అక్షరాలు గబగబా మారిపోతుంటే బొమ్మ తప్పిపోతుంది.

దీనికి విరుగుడు మన నేలలోనే ఉంది. చేర్యాల నకాషీలు గీసిన పటాన్ని విప్పుతూ, కర్రతో ఒక్కో బొమ్మను చూపిస్తూ కథ చెప్పే పటం కథకులు శతాబ్దాలుగా తెలంగాణ పల్లెల్లో తిరిగారు. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ వివరించే వ్యాఖ్యాతలు మన దేశంలో ఉండేవారు. జపాన్‌లో బెన్షీలు హీరోలంత పేరున్న కళాకారులు. ఆ పద్ధతిని మళ్లీ తెచ్చుకోవాలి. పరభాషా చిత్రానికి తెర పక్కన మైకు పట్టుకొని ఊరి యాసలో చెప్పే ఒక మనిషి. గోండు గూడెంలో గోండిలో, తండాలో లంబాడీలో, పట్నం బస్తీలో దక్కనీ ఉర్దూలో.

ఇది ఎలా ఉండాలో రాయ్ ‘పథేర్ పాంచాలి’ (1955)ని పట్టుకొని చూద్దాం. పిల్లలు అపూ, దుర్గ రెల్లుపూల మధ్య పరుగెత్తి రైలు చూసే చోట చెప్పడానికేమీ లేదు, వ్యాఖ్యాత నోరు మూసుకోవాలి. చాలాకాలం తర్వాత తండ్రి ఇంటికి వస్తాడు. తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటి చూపిస్తూ కూతురికి తెచ్చిన చీర తీస్తాడు. కూతురు చనిపోయిందని అతనికి తెలియదు. ‘బిడ్డకు చీర దెచ్చిండు’ అని ఒక్క మాట అని ఆగిపోవాలి. ఆ తర్వాత తల్లి ఏడుపు గొంతు బదులు రాయ్ వాద్యాన్నే వినిపించాడు. ఆ చోట వివరణ పెడితే సినిమాను పాడుచేసినట్టే. కాబట్టి వ్యాఖ్యాత సినిమాను ముందే రెండు మూడుసార్లు చూడాలి, ఎక్కడ మాట్లాడాలో ఎక్కడ ఆగాలో రాసుకోవాలి. పేర్లు, చుట్టరికాలు ప్రదర్శనకు ముందే చెప్పేయాలి. ఒగ్గు, చిందు, పటం కళాకారుల పిల్లలకు ఈ శిక్షణ ఇస్తే వాళ్ల గొంతుకు, చేతికి కొత్త పని దొరుకుతుంది.

ఈ ఒక్క ఏర్పాటుతో మూడు గుంపులకు తలుపు తెరుచుకుంటుంది: చదవలేనివాళ్లు, వేరే భాష మాట్లాడేవాళ్లు, చూపు లేనివాళ్లు. కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలో సినిమా హాళ్లలో చూపు, వినికిడి లోపాలున్నవాళ్ల కోసం ప్రమాణాలు ప్రకటించింది. దృశ్యాన్ని మాటల్లో చెప్పే ధ్వని వర్ణన, తెర మీద సంభాషణల అక్షరాలు అందులో ప్రధానం. పెద్ద నిర్మాతలు వాటిని సమకూర్చేదాకా మనం ఆగాల్సిన పనిలేదు. మైకు పక్కన నిలబడ్డ మనిషి ధ్వని వర్ణన ఈరోజే చేయగలడు. వినికిడి లేని పిల్లల బడి ఉన్న పట్టణంలో ఆ బడి ఉపాధ్యాయులను పిలిస్తే సైగల భాషలో పరిచయం, చర్చ నడుస్తాయి.

చిత్రాల ఎంపిక కూడా దీనికి తోడు రావాలి. బి. నర్సింగరావు ‘దాసి’లో మాటలు తక్కువ. గడీ గోడలు, అర్చన ముఖం, మౌనం కథ నడిపిస్తాయి. శ్యామ్ బెనగల్ ‘అంకుర్’ (1974) దక్కనీలో మాట్లాడుతుంది, అటు ఉర్దూ కుటుంబాలు, ఇటు తెలుగువాళ్లు కలిసి చూడగలిగిన సినిమా అది. చాప్లిన్ మూకీలకు ఏ భాషా అక్కర్లేదు. మొదటి ఆరు నెలలు ఇలాంటివాటితో మొదలుపెట్టడం తెలివైన పని.

ఆదిలాబాద్ అడవి గూడేలు: అతిథిగా వెళ్లాలి

పాత ఆదిలాబాద్ జనాభాలో ఆదివాసీలు, గిరిజనులు దాదాపు 18 శాతం. వాళ్ల దగ్గరికి సినిమా చాలాకాలం ప్రచార వ్యాను మీదే వచ్చింది: మలేరియా గురించి, కుటుంబ నియంత్రణ గురించి పైనుంచి చెప్పే సినిమా. ఆ ముద్ర ఇంకా పోలేదు. వాళ్ల వీరుడు కుమ్రం భీము మీద అల్లాణి శ్రీధర్ తీసిన చిత్రం 1990 నాటిది, విడుదలకు 2010 దాకా ఆగింది. అదైనా తెలుగు మాట్లాడుతుంది. తన కథను తన భాషలో తెర మీద వినే హక్కు గోండు ముసలాయనకు ఇంకా దక్కాల్సే ఉంది.

దీపావళికి ముందు దండారి బృందాలు ఒక గూడెం నుంచి మరో గూడేనికి వెళ్తాయి, నెమలీకల టోపీలతో గుస్సాడీలు ఆడతారు, ఆతిథ్యమిచ్చే ఊరు వచ్చినవాళ్లందరికీ వండిపెడుతుంది. వెళ్లేవాళ్లకూ పిలిచేవాళ్లకూ మధ్య అక్కడ ఒక పద్ధతి ఉంది. సినిమా తీసుకెళ్లేవాళ్లు కూడా ఆ పద్ధతిలోనే వెళ్లాలి. గూడెం పటేల్‌ను, ఆదివాసీ పెద్దల సభ అయిన రాయి సెంటర్ సార్‌మేడిని ముందే కలిసి, ఏ రోజు కుదురుతుందో, ఏ చోటు తగదో అడగాలి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరలో తెర కట్టాలనుకుంటే మెస్రం వంశీయుల మాటే చివరి మాట. తీసుకెళ్లిన సినిమాతో పాటు అక్కడి యువకులు తీసి యూట్యూబ్‌లో పెట్టే గోండి పాటలనూ, చిన్న చిత్రాలనూ పెద్ద తెర మీద వేయాలి. ఫోన్‌లో ఒంటరిగా చూసిన పాటను గూడెమంతా కలిసి చూసినప్పుడు అది ఊరి ఆస్తి అవుతుంది.

పిల్లలు, చట్టం, డబ్బు

1995 నుంచి అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి హైదరాబాదే వేదికైంది, 2017లో ఇరవయ్యో ఉత్సవం జరిగింది. దాని వెలుగు జిల్లా బడులకు అరుదుగా అందింది. తమిళనాడు 2022 నుంచి ప్రభుత్వ బడుల్లో నెలనెలా బాలల సినిమా చూపుతోంది. మనకు గురుకులాలు, ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలలు ఉన్నాయి. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ కూడా విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా విద్యార్థులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల వంటి పరిమిత ప్రేక్షకులకు సినిమా చూపే మినహాయింపు ఇస్తుంది. బడి కార్యక్రమంగా జరిగే ప్రదర్శనకు తల్లిదండ్రులను కూడా పిలిస్తే రెండు తరాలు ఒకేసారి వస్తాయి.

డబ్బు పెద్ద అడ్డంకి అనుకుంటాం. నిజానికి ప్రొజెక్టర్, తెర, మంచి స్పీకర్లు ఒక మండలానికి ఒక జత చాలు. వీటిలో స్పీకర్ల మీదే ఎక్కువ ఖర్చు పెట్టాలి. బొమ్మ మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే లేచిపోతారు. రోజువారీ ఖర్చుకూ దారి ఉంది: కథ చెప్పించుకోవడానికి ఊరు చందా వేసుకునే ఆచారం ఇప్పటికీ ఉంది. ఐదు రూపాయలైనా ఇచ్చిన ఊరు ఆ ప్రదర్శన తనదనుకుంటుంది. టికెట్ పెట్టి లోపలికి రానివ్వడం, జోలె పట్టి ఇచ్చినంత తీసుకోవడం వేర్వేరు పనులు. రెండో దారిలో ఇవ్వలేనివాడు కూడా కూర్చోగలడు.

మాట ఎవరిది

ప్రేక్షకులు పెరిగినంత మాత్రాన పని పూర్తికాదు. సినిమా అయ్యాక చర్చలో మైకు మళ్లీ చదువుకున్న మగవాడి చేతికే పోతే పాత గీత మరో రూపంలో వచ్చినట్టే. అందుకే చర్చను ‘మీ అభిప్రాయం చెప్పండి’ అని మొదలుపెట్టకూడదు. ‘ఈ అమ్మ స్థానంలో మీరుంటే ఏం చేస్తుండె?’ అని అడిగితే వెనక వరుస నుంచి మాట వస్తుంది. మొదటి మాట ఆడవాళ్లదే అన్న నియమం పెట్టుకోవాలి. కొందరు ఆరోజు మాట్లాడరు, మర్నాడు బావి దగ్గర, బీడీ కార్ఖానా ముందు మాట్లాడుకుంటారు. ఆ మాటలను వినిపెట్టి తర్వాతి ప్రదర్శన ఎంచుకునే కార్యకర్త ఊళ్లోనే ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఎంపిక కమిటీలో రావాలి. ఏ సినిమా వేయాలో తేల్చే చోట ఒక బీడీ కార్మికురాలు, ఒక సాంచె కార్మికుడు, ఒక గోండు యువతి, చూపు లేని ఒక ఉపాధ్యాయుడు ఉంటే, వేళ, చోటు, భాష గురించి ఈ వ్యాసంలో రాసినవన్నీ ఎవరూ గుర్తు చేయకుండానే చర్చకు వస్తాయి. వాళ్లు కొన్నిసార్లు మనకు నచ్చని సినిమా కూడా ఎంచుకుంటారు. ఎంచుకోనివ్వాలి. కరీంనగర్ ఫిలిం సొసైటీ తరం నాలుగు దశాబ్దాలకు పైగా కూడగట్టిన చిత్ర పరిజ్ఞానం ఆ కమిటీకి సలహాగా నిలవాలి. మంచి సినిమా అందరిదని ఆ తరం నమ్మింది. ఆ నమ్మకం నిలవాలంటే సభ్యుల జాబితాలను మూసిపెట్టి, ఎంపిక చేసే కుర్చీలను ఇంతకాలం బయట ఉన్నవాళ్లతో నింపడం మొదలుపెట్టాలి.